తిండి మడి

ఆమె చనిపోయి మూడు నెలలైందన్న సంగతి నాకు కోదాడ బస్టాండులో తెలిసింది. చెప్పింది చుట్టం కూడా కాదు, జామకాయలు అమ్ముకునే మనిషి.

అక్కడి కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు పెట్టడానికి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో సూర్యాపేట బస్సు కోసం నిలబడ్డాను. కాయలు ఏరుతుంటే ఆ మనిషి నా మొహంలోకి పరీక్షగా చూసింది.

"మీరు సూర్యాపేట కాలేజీ మేడంగారు కదండీ? ఒకసారి మీ ఇంటికి బియ్యం మూట మోసుకొచ్చాను. అంతకుముందు మాడుగులపల్లిలో కలుపు ముఠాలో ఉండేదాన్ని."

"అవునా! మీ ముఠా పెద్దమ్మ ఎట్లా ఉంది? చూసి చాలా రోజులైంది."

"మీకు తెలవదాండీ? శివరాత్రి ముందే పోయింది. మూణ్ణెల్లు దాటింది."

పోయిందంటే ఎక్కడికి పోయింది, కూతురింటికా అన్నట్టు వెర్రిగా చూశాను. ఆ మనిషికి అర్థమైనట్టుంది. "జొరం వచ్చిందండీ, మూడ్రోజులే" అని మెల్లిగా చెప్పి నా చేతిలోని కాయలు తీసి సంచిలో వేసింది. సూర్యాపేట బస్సు వచ్చి ఆగి, జనాన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

ఆమె పేరు రాయను. ఊళ్ళో కూడా ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువే. మిర్యాలగూడలో మా నాన్నది ఎరువులు, పురుగుమందుల దుకాణం. మా ఇంటి తిండీ నా చదువూ నా పెళ్ళీ అన్నీ ఆ యూరియా బస్తాల మీదే జరిగాయి, దాచడమెందుకు. ఆ దుకాణంలోనే ఆమెను మొదట చూశాను. కొడుకు పొలానికి గడ్డి మందు కొనడానికి వచ్చేది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గుళికల పొట్లాన్ని రెండు వేళ్ళతో కొసన పట్టుకుని, చచ్చిన ఎలుకను బయట పారేయడానికి తీసుకుపోతున్నట్టు తీసుకుపోయేది. పోయే ముందు దుకాణం ముందున్న నల్లా దగ్గర మోచేతుల దాకా కడుక్కునేది. నాన్న ఎన్నిసార్లు టీ తెప్పించినా లోపల తాగేది కాదు, గ్లాసు పట్టుకుని రోడ్డవతలికి వెళ్ళి తాగి ఖాళీ గ్లాసు తెచ్చిచ్చేది.

"మా దుకాణానికొచ్చే గిరాకీలల్ల ముక్కు మూసుకొని వచ్చేది నువ్వొక్కదానివే" అని నాన్న వేళాకోళం చేసేవాడు.

"మూసుకోకుంటె నీ దుకాణమంత నా కడుపులకు వస్తది సేటు. అంత పెద్ద దుకాణం నాకెందుకు" అనేది.

ఒకప్పుడు ఆమె చేతి కింద ముప్పై మంది ఆడవాళ్ళ కలుపు ముఠా ఉండేది. నాట్లు పడ్డ మూడో వారం నుంచి ఎడమ కాల్వ కింద ఊళ్ళన్నీ ఆమె కోసం మనుషుల్ని పంపేవి. వరిలో మొలిచే ఊద గడ్డి అచ్చం వరిలాగే ఉంటుంది, కంకి వేసేదాకా చదువుకున్నవాళ్ళం మాకే తేడా తెలియదు. ఆమె వంగకుండానే చెప్పేది. నేను నమ్మకపోతే ఒక ఆకును కాండం నుంచి బొటనవేలితో విడదీసి చూపించింది. వరికి ఆకు మొదట్లో తెల్లటి పొర నాలుకలా లేచి ఉంటుంది, ఊదకు ఉండదు. నేను పుస్తకంలో బొమ్మ చూసి పరీక్ష రాసి మరిచిపోయిన విషయం అది. "నాలిక లేనిది దొంగది. గంతే" అని గట్టు మీదికి విసిరేసింది.

తర్వాత గడ్డి మందు వచ్చింది. ఇసుకలో కలిపి నాట్లు పడ్డ మూడో రోజు చల్లితే గడ్డి మొలకే రాదు. ముఠా చెదిరిపోయింది. కొందరు తిరుమలగిరి వైపు పత్తి ఏరడానికి పోయారు, కొందరు పట్నాలకు పోయారు. దాని గురించి ఆమె ఏడవడం నేను వినలేదు. "ముప్పై మంది ఆడోళ్ల పని గుప్పెడు గుళికలు సేస్తయి. నా కొడుకే కొంటడు, ఇగ నేనెవ్వలను ఆపాలె?" అంది ఒకసారి, అంతే.

కొడుక్కి మూడు మళ్ళు అప్పజెప్పింది గాని ఒక్క మడి మాత్రం ముట్టనివ్వలేదు. అన్నిటికన్నా కింద, మురుగు కాల్వను ఆనుకుని ఉన్న అర ఎకరం. దాన్ని తిండి మడి అంటారు. ఆ చుట్టుపక్కల చాలామంది రైతులకు అట్లాంటిది ఒకటి ఉంటుంది. మిగతా మళ్ళు మిల్లుకు, తిండి మడి ఇంటికి. పై మళ్ళ ఒండ్రంతా దిగి అక్కడే చేరుతుంది, కాల్వ బంద్ అయినా వారం రోజులు పదును ఆరదు. అందుకని మంచి మడి తిండికని ఎప్పటి నుంచో అట్లాగే పెట్టుకున్నారు. అందులో ఆమె పెండ, కానుగాకు తప్ప ఏమీ వేయలేదు. కలుపు తనే తీసుకునేది. పొట్టకొచ్చిన వరిని కడుపుతో ఉన్న కోడల్ని చూసినట్టు చూసి, దాని పక్కన గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. నేను నవ్వితే, "నువ్వు నవ్వు బిడ్డా, అది నవ్వదు" అంది.

నేను పెళ్ళయి సూర్యాపేట వచ్చి, డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ పాఠాలు చెప్పుకుంటున్నాక, ఒకరోజు బియ్యం మూటతో మా ఇంటి ముందు నిలబడింది. తిండి మడి బియ్యం, తమకు పోను మిగిలినవి. అరుగు మీద మూట దించి దాని మీద అరచెయ్యి వేసి, "మందు పడని బియ్యం. నా మాట" అంది. మా అత్తగారికి ఆ బియ్యం నచ్చాయి. పక్కింటికి చెప్పారు, వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. అట్లా సూర్యాపేటలో పదకొండు ఇళ్ళయ్యాయి. ఒకరింట్లో షుగర్ మనిషి, ఒకరింట్లో పాలిచ్చే తల్లి, ఒకరింట్లో కీమో చేయించుకుని వచ్చిన మాస్టారు. ఏటా రెండుసార్లు బస్సు మీద మూటలు వేసుకుని వచ్చేది. ప్రతి గడపలోనూ మూట మీద అరచెయ్యి వేసి అదే మాట అనేది, కొత్తగా చెబుతున్నట్టు.

మూడేళ్ళ కిందట నాకొక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన రాకుండా ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను, ఇప్పుడు అనుకోవడం లేదు. మా పిల్లలతో ఒక ప్రాజెక్టు చేయించాలి. మొక్క లోపల, కాండంలో, వేరులో, గింజలో కూడా, కంటికి కనబడని జీవులు కాపురం ఉంటాయి. అవి రోగం తెచ్చేవి కావు. కొన్ని గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి, కొన్ని వేరు సాగడానికి తోడ్పడతాయి, కొన్ని తెగుళ్ళను లోపలికి రానివ్వవు. యూరియా దండిగా పడే పొలంలో మొక్కకు వీటితో అవసరం తగ్గుతుంది, రకాలు తగ్గిపోతాయి. గడ్డి మందు గడ్డిని చంపడానికే గాని, నేలలోనూ వేరులోనూ ఉండే ఈ జీవుల్లో కొన్నింటికి అది బొత్తిగా పడదు. కొడుకు మళ్ళలోని వరినీ ఆమె మడిలోని వరినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎంత బాగుంటుంది! గోడకు అతికించే చార్టుకు పేరు కూడా పెట్టేశాను, 'మందు పడని మడి' అని.

ఆమె నవ్వి, కట్టలు కట్టి ఇచ్చింది. "సూడు సూడు, నా కోడలు కడుపుల ఏమున్నదో సూడు" అంది. పోల్చి చూడటానికి ఇంకొకటి కూడా ఉంటే మంచిదని, తుంగతుర్తి నుంచి వచ్చే ఒక విద్యార్థిని వాళ్ళ నాయనమ్మ బోరు కింద ఏ మందూ వేయకుండా పండించే చిన్న మడి నుంచి మరో కట్ట తెచ్చింది. కాండాల్ని కడిగి, పైనున్నవి చచ్చిపోయేలా స్పిరిటులోనూ బ్లీచింగ్ నీళ్ళలోనూ ముంచి, మళ్ళీ కడిగి, కోసి, గాజు పళ్ళెంలో పోసిన జెల్లీ మీద పెట్టాం. ఇక లోపలి నుంచి వచ్చేది మాత్రమే మొలుస్తుంది. నాలుగు రోజులు ఆగాలి.

నాలుగో రోజు తుంగతుర్తి పళ్ళెంలో పసుపు, తెలుపు, గులాబి చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి. కొడుకు మడి పళ్ళెంలో మూడు తెల్ల చుక్కలు. అనుకున్నదే. ఆమె మడి పళ్ళెం తీసి వెలుతురుకు పట్టుకున్నాను. రెండు తెల్ల చుక్కలు.

పిల్లలు తారుమారు చేశారని వాళ్ళ మీద కేకలు వేశాను. నా చేత్తో మళ్ళీ చేశాను. మూడోసారీ చేశాను. అవే రెండు చుక్కలు, ఒకసారి మూడు. మా ఇంట్లో కుండలో ఉన్నది ఆ మడి బియ్యమే.

ఫలితం ఏమైందని అడగడానికి ఆమె తనే వచ్చింది. సాగదీద్దామని చూశాను గాని నాకు అబద్ధం చేతకాదు. ఆమెకు నిజం కావలసి వస్తే ఎదుటివాళ్ళ మణికట్టు పట్టుకునే అలవాటుంది, నాడి చూసే వైద్యుడిలా. నా మణికట్టు పట్టుకుంది. మూడు పళ్ళేలూ బల్ల మీద పెట్టాను.

ఆమె వంగి చాలాసేపు చూసింది.

"ఇదెవ్వలది?"

"తుంగతుర్తి వాళ్ళది."

"ఇది?"

"మీ కొడుకుది."

"మరి ఇది నాదా? పేరు సక్కగ రాసినవా బిడ్డా?"

"మూడుసార్లు చేశాను పెద్దమ్మా."

"అంటె ఇంట్ల ఎవ్వలు లేరన్నట్టు" అంది. తర్వాత కోపం వచ్చింది. "నేనేం ఏసిన? పెండ ఏసిన, ఆకు ఏసిన. ఒక్క గుళిక ముట్టిన్నా? నీ మిషన్ తప్పు."

మిషన్ లేదు, గాజు పళ్ళెమే అని చెప్పే ధైర్యం నాకు లేదు. నాకు మాత్రం ఏం తెలుసు? ఊరికే, ఏదో ఒకటి అడగాలని, నీళ్ళు ఎక్కడి నుంచి పారుతాయని అడిగాను.

"నీళ్లా? కాల్వ తూము కాడికెల్లి పై మడికి. పై మడి నిండితె నడిమి మడికి. నడిమి మడికెల్లి దాని కింది దానికి. దాన్నుంచి..."

అక్కడ ఆగిపోయింది. వేలు గాలిలో అట్లాగే ఉంది, కింది మడిని చూపిస్తూ. నా జీవితంలో ఒక మనిషి మొహం అట్లా మారడం చూడలేదు. నెత్తురంతా ఎవరో తోడేసినట్టు అయింది. లాబ్‌లో బల్లలున్నా కుర్చీలున్నా వాటి వైపు చూడకుండా నేల మీద కూర్చుంది.

మెల్లిగా చెప్పింది. కొడుకు గుళికలు ఇసుకలో కలిపి చల్లిన మర్నాడే గట్టుకు గండి కొట్టేది ఆమేనట. యూరియా చల్లిన రోజు కూడా అంతే. పై మళ్ళలో తిరిగొచ్చిన నీళ్ళకు బలం ఉంటుందని, తను చేత్తో ఏమీ వేయకుండానే ఆ బలం తన మడికి వస్తుందని ఆశ. మరి మందు? "ఇసుకల కలిపినం గదా, ఇసుక అడుక్కు పోతది, నీళ్లు నీళ్లే అనుకున్న. పార పట్టి నేనే గండి కొట్టిన బిడ్డా. ఎన్నేండ్లు కొట్టిన. నా కొడుకు గూడ కాదు, నేనే."

ఆమె ఒక్కతే కాదు, ఆ కాల్వ కింద అందరూ అట్లాగే పారిస్తారు. అందరి తిండి మడీ కిందే ఉంటుంది. మా దుకాణంలో మందు అమ్ముతూ, నీళ్ళు రెండు మూడు రోజులు మడిలోనే కట్టాలని నాన్న చెప్పేవాడు, పైరుకు మందు పట్టాలని. ఆ నీళ్ళు తర్వాత ఎక్కడికి పోతాయని ఆయనా అడగలేదు, మైక్రోబయాలజీ చదివిన నేనూ అడగలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు చెంపలు వేడెక్కుతున్నాయి.

నేను చేసిన పాడుపని ఇంకొకటి ఉంది. ఆమెను ఓదార్చే వంకతో, ఎవరికీ చెప్పొద్దన్నాను. ఈ పళ్ళేలు బియ్యంలో విషం ఉందని చెప్పవు, లోపల ఉండాల్సినవి లేవని మాత్రమే చెబుతాయి అన్నాను. అది నిజమే. అడిగేవాళ్ళు కూడా లేరు, వచ్చే ఏడు నుంచి సరిచేసుకుందాం అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపు నాకు బాగా గుర్తుంది. "నువ్వు సెప్పకుంటె నువ్వు సెప్పలేదు, గంతే. నేను సెప్పకుంటె అబద్ధమాడినట్టు. మందు పడలేదని పదకొండు ఇండ్లల్ల సెయ్యి ఏసి సెప్పిన్నా లేదా? పా, లేవు."

ఆ మధ్యాహ్నమే ఇద్దరం బయల్దేరాం. మొదటి ఇల్లు మాదే. నేను పక్కనే ఉన్నా నన్నెరగనట్టు, గడప బయటే నిలబడి మా అత్తగారికి చెప్పింది. "అమ్మా, నేను మందు పడలేదన్న. పడ్డదట. నీళ్లల్ల వచ్చింది. నేనే పారిచ్చిన. ఇంట్ల ఉన్నయి తినేది తినకపోయేది మీ ఇష్టం. ఇగ నా మాట మీద మాత్రం తినకుండ్రి." మా అత్తగారు నీళ్ళివ్వబోతే వద్దని, తర్వాతి ఇంటికి నడిచింది. మిగతా పది ఇళ్ళలోనూ అవే మాటలు, ఒక్కటి తగ్గించలేదు. ఒకాయన, పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు, "ఇన్నేండ్లు మోసం చేసినవన్నమాట" అన్నాడు. నాకు ఒళ్ళు మండి నోరు తెరవబోతే నా మోచెయ్యి గిల్లింది. "అవునయ్యా" అంది ఆయనతో. ఇంకొకావిడ అయ్యో పరవాలేదు అని ఎంతో ప్రేమగా మాట్లాడి, తర్వాత ఎప్పుడూ కబురు పెట్టలేదు. కీమో మాస్టారి భార్య తలుపు పట్టుకుని అట్లాగే చూస్తూ ఉండిపోయింది. ఆ ఇంటి మెట్లు మాత్రం పెద్దమ్మ గోడ పట్టుకుని దిగింది.

బస్సెక్కేముందు అడిగింది. "అవి మల్ల వస్తయా, లోపలివి?"

"వస్తాయి. నేలలోంచి వస్తాయి, విత్తనంలోంచి వస్తాయి. నీళ్ళు మారాలి. వెంటనే కాదు, కొన్ని పంటలు పట్టొచ్చు."

"వచ్చినయని నీకెట్ల ఎరుకయితది?"

"ఇట్లాగే పళ్ళెంలో పెడితే మొలుస్తాయి."

"అయితె అవి మొలిసినయని నువ్వు సెప్పినంక మల్ల మూటలు మోస్త. అప్పటిదాంక ఎవ్వల గడప ఎక్క."

ఊరికెళ్ళి కొడుకును పై మడి అడిగిందట. తూము పక్కనే, అన్నిటికన్నా ముందు నీళ్ళందే మడి. ఇసుక నేల, రోజుకు రెండుసార్లు నీళ్ళు కట్టాలి, పండేదీ తక్కువే. కొడుకు కాసేపు గొణిగినా ఇచ్చేశాడు. ఆ ముసలితనంలో, పాత ముఠాలోని ఇద్దరు ఆడవాళ్ళను తోడు పెట్టుకుని, ఇసుక నేలలోకి తట్టలతో పెండ మోసింది. కింది మడి కొడుక్కి పోయింది. మొదటి వానాకాలం కట్ట తెచ్చింది, పళ్ళెంలో నాలుగు చుక్కలు. "ఇంక రాలే" అంది, వేరే ఊరికి పోయిన చుట్టాల గురించి అన్నట్టు. ఆ ఏడు వడ్లు మిల్లుకు పంపేసింది.

పోయిన వానాకాలం రెండో కట్ట తెచ్చింది. వరి పొట్ట మీదుంది. తడిగుడ్డలో చుట్టి, బస్సులో సీటు దొరికినా కూర్చోకుండా నిలబడి పట్టుకొచ్చిందట, ఒళ్ళో వేడికి ఎక్కడ చస్తాయో అని. మనిషి బాగా తగ్గిపోయింది. కాలేజీలో టీ తాగింది, లోపలే తాగింది, నాకు ఆశ్చర్యమేసింది. పోతూ కొడుకు ఫోన్ నంబరు నా నోట్‌బుక్‌లో రాయించింది, తనకు ఫోన్ లేదు.

నాలుగో రోజు పళ్ళెం తెరిచాను. పసుపు చుక్కలు, తెల్లవి, అంచులు ముడతలు పడ్డవి, ఒకటి నారింజ రంగుది. లెక్కపెట్టడం మొదలుపెట్టి ఆపేశాను. లాబ్‌లో ఒంటరిగా ఉన్నాను గనక సరిపోయింది, చప్పట్లు కొట్టాను.

ఫోన్ చేయడానికి రెండు నిమిషాలు చాలు. కాని ఫోన్‌లో చెబితే ఏం బాగుంటుంది, పళ్ళెం పట్టుకుని వెళ్ళి చూపించాలి, ఆమె మొహం చూడాలి అనుకున్నాను. ఆదివారం వెళ్దామనుకున్నాను. ఆ ఆదివారం మా అత్తగారి కంటి ఆపరేషన్. తర్వాత కాలేజీలో తనిఖీకి వచ్చేవాళ్ళ కోసం రికార్డులు రాయడం, తర్వాత సెమిస్టర్ పరీక్షలు, తర్వాత పేపర్లు దిద్దడం. పళ్ళేలు ఫ్రిజ్‌లో ఎండిపోయాయి. మంచి కబురే కదా, ఎక్కడికి పోతుందిలే అని నిశ్చింతగా ఉన్నాను. చెడ్డ కబురైతే ఆ రోజే పరుగెత్తేదాన్నేమో.

కోదాడ బస్టాండులో నిలబడ్డ నేను సూర్యాపేటకు పోలేదు. మిర్యాలగూడ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో మాడుగులపల్లి వెళ్ళాను. కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. కుర్చీ వేశాడు.

"ఎందుకు చెప్పలేదు నాకు?" అన్నాను, తప్పు అతనిదైనట్టు.

"మీకు ఫోన్ చేద్దమని మస్తుసార్లు అనుకున్న మేడం. అమ్మనే వద్దన్నది. తొందరపెడితే తప్పు సూస్తది, టైం పట్టనియ్యి, నిజం చెప్పే మనిషి, ఆమెనే చెప్తది అన్నది."

నేను తల దించుకున్నాను. అతను లోపలి గది తలుపు నెట్టాడు. నా కంటికి అడ్డంగా, గది సగానికి, వడ్లు పోసే వెదురు గుమ్మి ఉంది. పెండతో అలికి ఉంది. నిండుగా ఉంది.

"పోయిన వానకాలం పై మడి వడ్లు మొత్తం గీడనే ఉన్నయి. ఒక్క గింజ తియ్యనియ్యలే. మీ మాట రానిదే ఎవ్వలకు పెట్టద్దన్నది. మేమేమో కింది మడియే తిన్నం, మాకేం పట్టింపు లేకుండె. ఆమె మాత్రం రేషన్ బియ్యం తిన్నది, రెండేండ్ల సంది."

"రెండేళ్ళా?"

"ఆఁ. దవాఖానకు తీస్కపోయే ముంగట నోటికి ఏం సయించలే. గంజి అడిగింది. నా భార్య ఈ వడ్లు కొన్ని దంచి గంజి కాస్తనన్నది, ఇష్టపడి పండిచ్చుకున్నది గదా అని. ఒప్పుకోలే. 'బిడ్డ ఇంక చెప్పలే గదా' అన్నది. రేషన్ బియ్యం గంజే తాగింది."

గోడకు ఆనుకున్నాను. అతను నా మొహం చూడకుండా గుమ్మి మీద దుమ్ము అరచేత్తో తుడుస్తూ అడిగాడు.

"ఇంతకు మొలిసినయా మేడం అవి?"

"మొలిచాయి. పళ్ళెం నిండా మొలిచాయి."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

మొన్ననే అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంటే అతను నమ్మేవాడు. ఎవరూ ఎప్పటికీ అడగరు కూడా.

"దీపావళి ముందే తెలిసింది" అన్నాను.

తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. కోతలు కూడా కాకముందు అని అతను లెక్క వేసుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. తిడితే పడదామని నిలబడ్డాను. తిట్టలేదు. వంటింటి వైపు తిరిగి, "గుమ్మి మూతి తెరువు. తినొచ్చని మేడం చెప్పింది" అని భార్యను కేకేశాడు.

తర్వాత నాతో అన్నాడు: "ఆ పదకొండు ఇండ్లు నాకెరుక లేవు. అమ్మతోని మీరే తిరిగిండ్రు. మూటలు నేను మోస్త, మాట మాత్రం మీరే చెప్పాలె."

"చెబుతాను" అన్నాను.

"ఎప్పుడు తెలిసిందని వాళ్లు గూడ అడుగుతరు" అన్నాడు.